పాట 61.50 లక్షలు, పడింది 69.24 లక్షలు: బ్యాంకు వేలంలో ఫ్లాట్ కొన్న లెక్క

కూకట్‌పల్లి దగ్గర 1,180 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఫ్లాట్. అప్పు తీర్చలేకపోయిన యజమాని నుంచి బ్యాంకు స్వాధీనం చేసుకుని, సర్ఫేసీ చట్టం (తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండా బ్యాంకే అమ్ముకోనిచ్చే చట్టం) కింద 2025 ఫిబ్రవరి 20న ఆన్‌లైన్ వేలానికి పెట్టింది. రిజర్వ్ ధర 54 లక్షలు, ధరావతు అందులో పదో వంతు 5.40 లక్షలు, ఒక్కో పెంపు 50 వేలు. పాట 61.50 లక్షల దగ్గర నా పేరు మీద ఆగింది. రిజిస్ట్రేషన్ అయి, పాత బకాయిలు తీరి, ఇల్లు మనుషులు ఉండేలా తయారయ్యేసరికి లెక్క 69,24,005 రూపాయలకు చేరింది. మధ్యలో ఉన్న 7,74,005 ఎవరెవరికి వెళ్లింది, ఎప్పుడు కట్టాలి, ఎక్కడ తప్పితే ఏం పోతుంది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కమిషన్ సంగతి. పాత నాణేలు, పెయింటింగులు, నగలు వేలం వేసే సంస్థలు పాట ధర మీద కొన్నవాడి దగ్గర బయ్యర్స్ ప్రీమియం పేరుతో ఇంత శాతం అని తీసుకుంటాయి, దానిమీద జీఎస్టీ వేస్తాయి. బ్యాంకులు తాకట్టు ఇల్లు వేలం వేసేటప్పుడు మామూలుగా ఆ పద్ధతి ఉండదు. ఎవరైనా ఏజెంటు 'బ్యాంకు చార్జీలు' అని శాతం అడిగితే అది అతని కమిషనే. నోటీసులో లేని చార్జీ బ్యాంకుకు కట్టాల్సిన పని లేదు. పూర్తయిన భవనం, భూమి అమ్మకం జీఎస్టీ చట్టం మూడో షెడ్యూల్లో ఉంది కాబట్టి ఫ్లాటు ధర మీద జీఎస్టీ కూడా లేదు. ఫ్యాక్టరీ యంత్రాలు, సరుకు, జప్తు చేసిన వాహనాలు కొంటే మాత్రం జీఎస్టీ ప్రశ్న వస్తుంది. షెడ్డూ యంత్రాలూ కలిపి ఒకే లాటుగా అమ్మే నోటీసుల్లో ఏ భాగం ధర మీద పన్ను వేస్తారో రాతపూర్వకంగా అడిగాకే పాటకు దిగాలి.

ఇక నోటీసు. అందరూ చూసేది రిజర్వ్ ధర, ఫొటో, తేదీ. డబ్బుకు సంబంధించిన అసలు మాటలు చివరి పేజీలో షరతుల కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. నా నోటీసులో మూడు మాటల కింద గీత గీసుకున్నాను. మొదటిది, ఆస్తి ఎలా ఉందో అలా, ఎక్కడుందో అక్కడ, ఏముందో అదే అన్న పద్ధతిలో అమ్ముతున్నాం అన్నది. రెండోది, 'బ్యాంకుకు తెలిసినంతలో' ఆస్తిపై వేరే భారాలు లేవు అన్నది. తెలిసినంతలో అన్న ఒక్క మాటతో వెతికే బాధ్యత మొత్తం పాటదారు మీదకు వచ్చేసింది. మూడోది, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, ఇంటి పన్ను, కరెంటు, నీళ్లు, అసోసియేషన్ బకాయిలు, చట్టప్రకారం రావాల్సిన ఇతర చెల్లింపులు 'గతంలోవీ భవిష్యత్తులోవీ' కొనుగోలుదారే భరించాలి అన్నది. గతంలోవీ అన్న మాట ఉందో లేదో చూసుకోండి, దాని విలువ నా విషయంలో 1,42,755 రూపాయలు.

నాలుగోది కూడా ఒకటుంది, అది స్వాధీనం గురించి. నోటీసులో 'ఫిజికల్ పొసెషన్' అని ఉంటే తాళాలు బ్యాంకు దగ్గరున్నట్టు. 'సింబాలిక్' అని ఉంటే కాగితం మీద మాత్రమే స్వాధీనం, లోపల మనుషులున్నారు. వాళ్లను ఖాళీ చేయించాలంటే బ్యాంకు సెక్షన్ 14 కింద జిల్లా మేజిస్ట్రేట్ దగ్గరకో చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ దగ్గరకో వెళ్లాలి. ఆదేశం రావడానికి చట్టం పెట్టిన గడువు 30 రోజులు, కారణాలు రాస్తే 60. అమలు కావడానికి పట్టే కాలం వేరు. ఈలోపు మీ లోను వడ్డీ, మీ అద్దె రెండూ నడుస్తూనే ఉంటాయి. సింబాలిక్ ఆస్తికి పాట పెట్టేవాళ్లు కనీసం ఒక ఏడాది వడ్డీని ధరలోంచి ముందే తీసేసుకోవాలన్నది నా అభిప్రాయం. నేను ఫిజికల్ ఉన్నదే చూసుకున్నాను.

ధరావతు కట్టే దగ్గర పెద్ద చిక్కు లేదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తులు 2025 జనవరి నుంచి బ్యాంక్‌నెట్ పోర్టల్లో వస్తున్నాయి. పాన్, ఫోను నంబరుతో రిజిస్టరై, కేవైసీ పూర్తి చేసి, వాలెట్లోకి చలానా ద్వారా నెఫ్ట్ లేదా ఆర్టీజీఎస్ చేయాలి. డబ్బు వాలెట్లో కనిపించాక దాన్ని ఫలానా ఆస్తికి కేటాయించాలి. ఈ రెండో మెట్టు మరిచిపోయి, డబ్బు వాలెట్లో ఉంది కదా అని వేలం రోజు లాగిన్ అయ్యేవాళ్లు బయటే ఉండిపోతారు. గడువుకు రెండు రోజుల ముందే ముగించండి. పాట రాకపోతే ధరావతు తిరిగొస్తుంది, వడ్డీ రాదు.

ఇక్కడే ఇంకో చిన్న ఎంపిక ఉంది, తర్వాత దిద్దుకోవాలంటే డబ్బవుతుంది. సేల్ సర్టిఫికెట్, అంటే ఆస్తి అమ్మినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం, పాటదారు పేరు మీదే ఇస్తారు. భార్య పేరు కూడా ఉండాలనుకుంటే ధరావతు కట్టేటప్పుడే ఉమ్మడి పాటదారుగా చేర్చాలి. 'తర్వాత రిజిస్ట్రేషన్లో కలుపుకుందాంలే' అంటే కుదరదు. తర్వాత కలపాలంటే గిఫ్టు డీడు, దానికి మళ్లీ స్టాంపు డ్యూటీ.

పాట పాడే ముందు చేయాల్సిన లెక్క చాలామంది తలకిందులుగా చేస్తారు. పాట గెలిచి, ఆ తర్వాత దానిమీద పన్నులు కలుపుకుంటూ పోతారు. నేను మొత్తం జేబు నుంచి మొదలుపెట్టాను. నా గరిష్ఠం 70 లక్షలు. పాట ధరతో సంబంధం లేని ఖర్చులు, అంటే బకాయిలు, లాయరు, లోను చార్జీలు, రిపేర్లు కలిపి 3.25 లక్షలు అంచనా వేసి ముందే తీసేశాను. మిగిలింది 66.75 లక్షలు. తెలంగాణలో రిజిస్ట్రేషన్ మొత్తం 7.5 శాతం కాబట్టి దాన్ని 1.075తో భాగిస్తే 62,09,302. పెంపు 50 వేలు కాబట్టి నా ఆఖరి పాట 62 లక్షలు. కాగితం మీద రాసి కంప్యూటరు పక్కన అంటించుకున్నాను. చాలా వేలాల్లో చివరి నిమిషాల్లో ఎవరైనా పాట పెడితే గడువు మళ్లీ ఐదో పదో నిమిషాలు పెరుగుతుంది. ఆ సాగదీతలోనే మనుషులు లెక్క తప్పుతారు. 60 లక్షలు దాటాక ఇద్దరమే మిగిలాం. ఎదుటివాడు 61 అన్నాడు, నేను 61.50 కొట్టాను, గడియారం సున్నాకు వచ్చింది. అతను ఇంకోసారి పెంచి 62 అని ఉంటే, నా గీత దాటకుండా పెంచడానికి నా దగ్గర ఏమీ మిగిలేది కాదు.

పాట ఖాయమైన క్షణం నుంచి గడువులు మొదలవుతాయి. ఇవి సర్ఫేసీ రూల్స్‌లో రూల్ 9లో ఉన్నాయి. ధరావతుతో కలిపి 25 శాతం అదే రోజు, ఆలస్యమైతే మర్నాటి పనిదినం లోపు. మిగతా 75 శాతం అమ్మకం ఖాయం చేసిన పదిహేనో రోజు లోపు. పార్టీలు రాతపూర్వకంగా ఒప్పుకుంటే పెంచుకోవచ్చు గానీ మొత్తం మూడు నెలలు మించకూడదు. నా లెక్కలో 25 శాతం 15,37,500. ధరావతు 5,40,000 పోగా మర్నాడు శుక్రవారం కట్టాల్సింది 9,97,500. ఇది లోను డబ్బుతో అయ్యే పని కాదు, ఒక్క రోజులో ఏ బ్యాంకూ ఇవ్వదు. సొంత డబ్బు ఖాతాలో సిద్ధంగా ఉండాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ ముందే తీయించుకోవడం, నెట్ బ్యాంకింగ్‌లో రోజువారీ పరిమితి పెంచుకోవడం, బ్యాంకు ఆక్షన్ ఖాతాను ముందే బెనిఫిషియరీగా చేర్చుకోవడం, ఇవన్నీ వేలానికి ముందు పనులు.

పదిహేనో రోజు ఎప్పుడో క్యాలెండర్‌లో వేలు పెట్టి చూడండి. నాకు ఖాయం చేసిన లేఖ ఫిబ్రవరి 21న వచ్చింది. పదిహేనో రోజు మార్చి 8, రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. ఆర్టీజీఎస్ ఆ రోజూ పనిచేస్తుంది గానీ లోను విడుదల చేసే బ్రాంచి పనిచేయదు. అందుకే మార్చి 6కే ముగించాను. 40 లక్షల లోను కోసం వేలానికి మూడు వారాల ముందే జీతం కాగితాలు, ఆస్తి లింక్ డాక్యుమెంట్ల నకళ్లు ఇచ్చి సూత్రప్రాయంగా ఒప్పించి పెట్టుకున్నాను. ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్ ఫీజులు జీఎస్టీతో కలిపి 18,000 అయింది.

75 శాతం కట్టలేకపోతే కట్టిన 25 శాతం మొత్తం జప్తు. ఒక్క ధరావతు మాత్రమే పోతుందని చాలామంది నమ్మకం. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు షణ్ముగవేలు కేసులో పూర్తి 25 శాతం జప్తు చేసుకోవడం చట్టబద్ధమేనని తేల్చింది. నా విషయంలో అది 15 లక్షల పైమాట. లోను అనుమానంగా ఉన్నవాళ్లు పాటకు దిగకపోవడమే మంచిది.

ఇప్పుడు టీడీఎస్, అంటే డబ్బు కట్టేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను. అందరూ తడబడేది ఇక్కడే. ధర గానీ స్టాంపు డ్యూటీ విలువ (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టే విలువ) గానీ 50 లక్షలు, ఆపైన ఉంటే కొన్నవాడు 1 శాతం మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. పాత చట్టంలో ఇది సెక్షన్ 194-ఐఏ. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి నేను చెప్పే సెక్షన్లు, ఫారాల నంబర్లు పాతవని గుర్తుంచుకోండి. ఈ 1 శాతం అదనపు ఖర్చు కాదు, ధరలోంచే తీసి కట్టేది. 61.50 లక్షల్లో 61,500 ప్రభుత్వానికి, మిగతా 60,88,500 బ్యాంకుకు. కట్టకపోతే మాత్రం అదనమే. మినహాయించకుండా వదిలేస్తే నెలకు 1 శాతం, మినహాయించి కట్టకుండా ఉంచుకుంటే నెలకు 1.5 శాతం వడ్డీ. ఫారం ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు, ఇది టీడీఎస్ మొత్తం దాకా పెరుగుతుంది.

ఎవరి పాన్ మీద కట్టాలి? డబ్బు బ్యాంకుకు పోతోంది కాబట్టి బ్యాంకు పాన్ అనుకుంటారు. ఆస్తి మాత్రం అప్పు తీసుకున్నవాడిది. నోటీసులు ఒక్కోటి ఒక్కోలా రాస్తాయి. నాకు యజమాని పాన్ మీదే కట్టమన్నారు. నోటి మాట తీసుకోకుండా వేలం నడిపే బ్యాంకు ఆథరైజ్డ్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టి, పాన్ నంబరు, పాన్ మీదున్న పేరు మెయిల్లోనే తెప్పించుకున్నాను. పాన్ తప్పు పడితే దిద్దుబాటుకు అవతలి వ్యక్తి ఆమోదమో ఆదాయపు పన్ను అధికారి ఆమోదమో కావాలి. ఇల్లు పోగొట్టుకున్న మనిషి మీ ఫారం దిద్దడానికి సంతకం పెడతాడని ఆశ పెట్టుకోకండి. ఆ పాన్ ఆధార్‌తో జత కాక పనిచేయని స్థితిలో ఉంటే సెక్షన్ 206ఏఏ కింద 1 శాతం కాస్తా 20 శాతం అవుతుంది. అంటే 61,500 స్థానంలో 12.30 లక్షలు. బ్యాంకు తనకు రావాల్సినదాంట్లోంచి అంత వదులుకోదు. కట్టకపోతే శాఖ నోటీసు మీకొస్తుంది. పాన్ పనిచేస్తోందో లేదో పాటకు ముందే కనుక్కోవాల్సింది ఇందుకే.

కట్టే క్రమంలోనూ ఒక మెలిక ఉంది. చట్టం ప్రకారం ప్రతి వాయిదా మీదా 1 శాతం మినహాయించాలి. కానీ 25 శాతం కట్టేటప్పుడు అందులోంచి 15,375 కోసుకుంటే బ్యాంకు ఖాతాలో 25 శాతం నిండదు. అది గడువు తప్పినట్టు లెక్కవేసే ప్రమాదం ఉంది. నేను మొదటి 25 శాతం నిండుగా కట్టి, మొత్తం 61,500 మిగతా 75 శాతం లోంచి తీస్తానని ముందే మెయిల్లో ఒప్పించుకున్నాను. 46,12,500లో 61,500 పోను మార్చి 6న బ్యాంకుకు పంపింది 45,51,000. ప్రభుత్వానికి మాత్రం టీడీఎస్ కట్టే 26క్యూబీ ఫారాలు రెండు వేశాను. ఫిబ్రవరి చెల్లింపు మీద 15,375కు ఒకటి, మార్చి చెల్లింపు మీద 46,125కు ఒకటి. మినహాయించిన నెల ముగిశాక 30 రోజుల్లోపు ఫారం వేయాలి. ఫిబ్రవరిదానికి గడువు మార్చి 30.

ఫారం నింపేటప్పుడు స్టాంపు డ్యూటీ విలువ అడిగే గడి ఒకటుంటుంది. పాట ధర, ప్రభుత్వ విలువ రెండిట్లో ఏది ఎక్కువైతే దానిమీద 1 శాతం. 2022 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి. ఇక్కడ ప్రభుత్వ విలువ తక్కువే, కాబట్టి పాట ధరే లెక్క. టీడీఎస్ కోసేవాళ్లు తీసుకునే టాన్ నంబరు అక్కర్లేదు, పాన్‌తోనే ఆదాయపు పన్ను వెబ్‌సైట్లో ఈ-పే ట్యాక్స్ ద్వారా కట్టొచ్చు. కొనేవాళ్లు ఇద్దరు, యజమానులు ఇద్దరు ఉంటే ప్రతి జతకూ ఒక్కో ఫారం, మొత్తం నాలుగు. ఇద్దరు కొంటున్నాం, చెరి 31 లక్షలే కాబట్టి 50 లక్షల గీత కింద ఉన్నాం అనే వాదన 2024 అక్టోబరు 1 నుంచి చెల్లదు, అందరి చెల్లింపులూ కలిపే చూస్తారు. తర్వాత ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ సైటు ట్రేసెస్ లోంచి 16బి (టీడీఎస్ కట్టినట్టు సర్టిఫికెట్) దించుకుని బ్యాంకుకు ఇవ్వాలి. టీడీఎస్ కట్టిన ఆధారం చూపించాకే నాకు సేల్ సర్టిఫికెట్ చేతికొచ్చింది.

ఖర్చుల్లో పెద్ద ముక్క స్టాంపు డ్యూటీ. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి 7.5 శాతం. నా చలానాలో ఇవి వరుసగా 3,38,250, 92,250, 30,750, మొత్తం 4,61,250. ఆంధ్రప్రదేశ్‌లోనూ మొత్తం 7.5 శాతమే, విడదీత మాత్రం 5, 1.5, 1. టీడీఎస్ పోను బ్యాంకుకు కట్టిన మొత్తం మీద లెక్క వేయరు, పూర్తి పాట ధర మీదే వేస్తారు.

ప్రభుత్వ విలువ పాట ధర కంటే ఎక్కువగా ఉంటే ఏ ధర మీద డ్యూటీ అన్నది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తగాదా పడే విషయం. ప్రభుత్వ ప్రక్రియలో పారదర్శకంగా జరిగిన అమ్మకంలో ధర తగ్గించి చూపారనే మాట రాదని 2009లో వి.ఎన్. దేవదాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు నకలు దగ్గరుంచుకోవడం మంచిదే, అయితే కౌంటర్ దగ్గర పని అవుతుందనే భరోసా లేదు. అదనపు డ్యూటీకి డబ్బు పక్కన పెట్టుకోండి. సేల్ సర్టిఫికెట్‌కు అసలు రిజిస్ట్రేషనే తప్పనిసరి కాదు, డ్యూటీ మిగుల్చుకోవచ్చు అని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. కోర్టు తీర్పుల్లో దానికి ఆధారం ఉంది, కానీ లోను ఇచ్చే బ్యాంకు, రేపు మీ దగ్గర కొనేవాడు ఇద్దరూ అడిగేది ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) మీ పేరే. 40 లక్షల లోను తీసుకుని ఈ దారి పట్టడం కుదరని పని.

సేల్ సర్టిఫికెట్ తేదీ నుంచి నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి. దాటితే మరో నాలుగు నెలల దాకా జరిమానాతో అవకాశం ఉంటుంది, ఆ జరిమానా రిజిస్ట్రేషన్ ఫీజుకు పది రెట్ల దాకా వేయొచ్చు. నా రిజిస్ట్రేషన్‌కు ఆథరైజ్డ్ ఆఫీసర్ కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రావాల్సి వచ్చింది. వాళ్లకు ఇలాంటి పనులు చాలా ఉంటాయి, ముందు ఆయన తేదీ తీసుకుని తర్వాత స్లాట్ బుక్ చేసుకోండి. సర్టిఫికెట్లో ఫ్లాట్ నంబరు, సర్వే నంబరు, అవిభాజ్య వాటా గజాలు, నాలుగు హద్దులు పాత డాక్యుమెంటుతో అక్షరం అక్షరం పోల్చి చూసుకోవాలి. నాకిచ్చిన ముసాయిదాలో తూర్పు హద్దు, పడమర హద్దు తారుమారయ్యాయి. సంతకానికి ముందు పట్టుకున్నాను కాబట్టి ఒక మెయిల్‌తో సరిపోయింది. రిజిస్ట్రేషన్ అయ్యాక బయటపడితే సవరణ దస్తావేజు, దానికోసం అదే ఆఫీసర్‌ను మళ్లీ వెతుక్కోవడం.

చవగ్గా వచ్చినందుకు పన్ను పడే సందర్భం కూడా ఒకటుంది. ప్రభుత్వ విలువ కంటే బాగా తక్కువకు కొంటే ఆ తేడా సెక్షన్ 56(2)(x) కింద కొన్నవాడి ఆదాయం అవుతుంది. వెసులుబాటు 10 శాతం లేదా 50 వేలు, ఏది ఎక్కువైతే అది. ఈ ఫ్లాటుకే ప్రభుత్వ విలువ 70 లక్షలు ఉందనుకోండి. తేడా 8.50 లక్షలు, 61.50లో పది శాతం 6.15 లక్షలు. గీత దాటింది కాబట్టి దాటిన ముక్క ఒక్కటే కాదు, మొత్తం 8.50 లక్షలూ ఆదాయంలో కలుస్తాయి. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 2,65,200 పన్ను. ఫ్లాట్లకు ఇది అరుదు, కానీ మూతపడ్డ షెడ్లు, రోడ్డు పక్క స్థలాలు రెండు మూడు వేలాల్లో అమ్ముడుపోక రిజర్వ్ ధర తగ్గుతూ వచ్చిన చోట నిజంగా ఎదురవుతుంది. ఆంధ్రలో 2025 ఫిబ్రవరి 1 నుంచి చాలా చోట్ల మార్కెట్ విలువలు పెంచారు, అక్కడ పాత విలువ పట్టుకుని లెక్క వేస్తే తప్పుతుంది. విలువ అన్యాయంగా ఎక్కువ ఉందనిపిస్తే శాఖ వాల్యుయేషన్ ఆఫీసర్‌కు పంపమని అడిగే హక్కు ఉంది.

బకాయిల వెతుకులాట రెండు రోజుల పని. ఇంటి పన్నుకు జీహెచ్ఎంసీ పీటీఐఎన్ నంబరు, అంటే ఇంటి పన్ను ఖాతా సంఖ్య, కావాల్సి వచ్చింది. పాత రసీదు లేకపోతే పక్క ఫ్లాటు నంబరుతో మొదలుపెట్టి అదే భవనంలో వెతకొచ్చు. ఏడాదికి 3,800 చొప్పున ఆరేళ్ల అసలు 22,800, నెలకు 2 శాతం చొప్పున వడ్డీ 19,150. అదే మార్చిలో జీహెచ్ఎంసీ వడ్డీలో 90 శాతం మాఫీ పథకం పెట్టడంతో 24,715తో బయటపడ్డాను. 2024 మార్చిలోనూ ఇలాంటి పథకం వచ్చింది. ఆర్థిక సంవత్సరం చివర్లో కొనేవాళ్లు ఒక కన్ను వేసి ఉంచాలి.

కరెంటు బకాయి సర్వీసు నంబరుతో ఆన్‌లైన్లో కనిపిస్తుంది. 11,640. పాత యజమాని వాడుకున్న కరెంటుకు నేనెందుకు కట్టాలి అనే ప్రశ్న న్యాయంగానే తోస్తుంది. 2023 మేలో కె.సి. నైనన్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. నిబంధనల్లో అలా రాసుంటే కొత్త కనెక్షన్‌కు పాత బకాయి షరతుగా పెట్టొచ్చు, ఎలా ఉందో అలా అనే పద్ధతిలో కొన్నవాడు బకాయిలు చూసుకునే కొన్నట్టు లెక్క. ఫ్లాటుకు వేలల్లోనే, ఫ్యాక్టరీకి మాత్రం ఈ ఒక్క అంకె లక్షల్లో ఉంటుంది.

అసోసియేషన్ దగ్గర ఆన్‌లైన్ ఏమీ ఉండదు, మనిషిని కలవాలి. సెక్రటరీ తీసి చూపించింది పాత లాంగ్ నోట్‌బుక్. ఫ్లాటు నంబరు పక్కన 38 నెలలు ఖాళీ గళ్లు, నెలకు 2,800, మొత్తం 1,06,400. దానిమీద నెలకు 2 శాతం వడ్డీ, పేరు మార్పు ఫీజు 25,000 కూడా అడిగారు. బైలాలో ఉంటే నకలు ఇవ్వండి, కడతాను అన్నాను. బైలాలో లేదు, రెండూ పోయాయి. వేలానికి ముందు వెళ్లి అడిగితేనే ఈ బేరం కుదురుతుంది. కొన్నాక వెళ్తే లిఫ్టు కార్డు, నీళ్ల వాల్వు వాళ్ల చేతిలో ఉంటాయి. కట్టాక బకాయి లేదని లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి.

వేరే అప్పుల సంగతి చూడ్డానికి 30 ఏళ్ల ఈసీ, సెర్సాయ్‌లో (తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ) ఆస్తి మీద వెతుకులాట, హైదరాబాద్ డీఆర్టీలో (అప్పుల వసూలు ట్రిబ్యునల్) యజమాని వేసిన కేసు ఏమైనా ఉందా అన్నది, ఈ మూడూ లాయరుతో చూపించాను. 12,000 ఫీజు. యజమాని చివరి నిమిషంలో అప్పు తీర్చి ఆస్తి వెనక్కి తీసుకుంటాడేమో అన్న భయానికి 2023లో సెలిర్ కేసు తీర్పు కొంత తెర దించింది. వేలం నోటీసు ప్రచురితమైతే ఆ హక్కు ముగుస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు ఇవ్వడంలో లోపం ఉందని డీఆర్టీకి వెళ్లే దారి మాత్రం మూసుకోలేదు. నోటీసు పేపర్లో పడిన తేదీకి, వేలం తేదీకి మధ్య రోజులు లెక్కపెట్టుకోండి. మొదటి వేలానికి 30, అది విఫలమై మళ్లీ పెట్టే వేలానికి 15 రోజుల వ్యవధి ఉండాలి. అది తగ్గితే అవతలివాడి లాయరుకు పని దొరికినట్టే.

రిపేర్లకు 1,40,000. మూడేళ్లు మూసి ఉన్న ఇంట్లో బాత్‌రూం పైపులు, స్విచ్ బోర్డులు, తాళాలు పాడవకుండా ఉండవు. తనిఖీకి ఇచ్చిన రోజు ఇంట్లో కరెంటు లేదు. టార్చితో చూసి వేసిన అంచనా అది, ఈ ఒక్క అంకె దైవాధీనం. రిపేర్లు పక్కన పెడితే మిగతా అదనం 6,34,005, పాట ధర మీద 10.3 శాతం.

స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టిన ఏడాది పాత పన్ను విధానంలో 80సీ కింద లక్షన్నర పరిమితిలో చూపించుకోవచ్చు. కొత్త విధానంలో ఇది లేదు. రేపు ఫ్లాటు అమ్మితే ఈ 4,61,250 కొన్న ధరలో కలుస్తుంది. కాబట్టి సేల్ సర్టిఫికెట్, చలానా, 26క్యూబీ రసీదులు, 16బి, బ్యాంకు ఇచ్చిన ఖాయం లేఖ ఒకే ఫైల్లో పెట్టి, ఒక సెట్టు స్కాన్ చేసుకున్నాను. రిజిస్ట్రేషన్ తర్వాత జీహెచ్ఎంసీలో పేరు మార్పు, కరెంటు సర్వీసు పేరు మార్పు విడివిడిగా చేసుకోవాలి. కరెంటుదానికి రిజిస్టరైన సర్టిఫికెట్‌తో పాటు బకాయి కట్టిన రసీదు కూడా అడిగారు. ఆ రసీదు పారేసి ఉంటే మళ్లీ మొదటికి.